ఫికర్‌కు టైమిచ్చిన కంట్రోలర్ సార్

మా కింది ఇంటి కంట్రోలర్ సార్ పోయారు. ఆయన పోయింది పొద్దున పదకొండింటికి. నాకు తెలిసింది పన్నెండింటికి. ఆ గంటసేపూ నేను ఆబిడ్స్‌లో, నేను పనిచేసే కళ్లజోళ్ల దుకాణంలో కూర్చుని ఉన్నాను. ఎవరో పెద్దాయన ఫ్రేము చెవుల వెనక నొక్కుతోందంటే దాన్ని వేడిచేసి వంచుతున్నాను. నా ఫోను డ్రాయరులో ఉంది. పనివేళల్లో ఫోను డ్రాయరులో పడెయ్యడం కూడా కంట్రోలర్ సార్ నేర్పిన అలవాటే. చివరికి మా ఆయన దుకాణం నంబరుకు చేస్తే, ఓనరు వచ్చి, "మీ కింది ఇంటి పెద్దాయన పోయారటమ్మా, మీవారు లైన్లో ఉన్నారు" అన్నాడు. "ఒక్క నిమిషం" అన్నాను. ఆ ఫ్రేము వంచడం పూర్తిచేసి, ఎదురుగా కూర్చున్న పెద్దాయన ముఖానికి పెట్టి, "ఇప్పుడు సరిపోయిందాండీ?" అని అడిగి, ఆయన సరిపోయిందన్నాక అప్పుడు లేచాను.

ఎందుకలా చేశానో నాకు తెలియదు. అప్పటినుంచి అలాగే ఉంది. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. రాతిమనిషి అనుకుంటే అనుకోండి. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. ఆయన నాకు చేసిన మేలు రాయాలి, చివరి రోజు ఆయనతో నేనన్న ఒక మాట కూడా రాయాలి. అది దాచిపెట్టి మిగతావన్నీ రాస్తే ఈ కాగితానికి విలువ ఉండదు.

నాంపల్లి స్టేషను వెనక సందులో మాది పై వాటా, వాళ్లది కింది వాటా. ఆయన గౌలిగూడ బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలి, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు కదలాలి, ఇవన్నీ చూసే పని. ఉద్యోగం వదిలి ఏళ్లు గడిచినా సందులో అందరికీ కంట్రోలర్ సారే. ఆయన పూర్తి పేరు నాకు పదకొండో రోజు కార్డు మీద చూస్తేనే తెలిసింది. ఆయన పుట్టి పెరిగింది హైదరాబాదు, మాటా అదే, చిన్నప్పటి చదువు ఉర్దూలో. మా తాతగారేమో కోస్తా మనిషి, రాష్ట్రం ఏర్పడ్డప్పుడు అప్పటి రాజధాని కర్నూలు నుంచి ఫైళ్లతో పాటు వచ్చిన గుమాస్తా. మూడు తరాలైనా నా మాట వినగానే, "మీ కోస్తోళ్లు పప్పుల నెయ్యి పోసినట్టు మాట్లాడ్తరు, పనులు మాత్రం ఉరుకులు పరుగులు" అనేవారు.

నాకు గాబరా జబ్బు పట్టుకుని మూడేళ్లు దాటింది. ఎలా పట్టుకుందో చెబితే నవ్వుతారు. దుకాణంలో అద్దాల ఆర్డరు చీటీలు రాసేది నేను. ఒక కాలేజీ అమ్మాయికి మైనస్ రాయాల్సిన చోట ప్లస్ రాశాను. కోఠీ నుంచి అద్దాలు కోసి వచ్చాయి, ఫ్రేములో కూర్చోబెట్టాం. ఆ పిల్ల పెట్టుకుని, "ఆంటీ, మీ ముఖమే కనిపించట్లేదు" అంది. నాలుగు రోజుల్లో మార్చి ఇచ్చాం, ఆ పిల్ల ఏమీ అనలేదు, ఓనరూ ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఒక్కో చీటీ పదిసార్లు చూడ్డం మొదలుపెట్టాను. ఇంటికొచ్చాక దుకాణానికి ఫోను చేసి, "ఆ నీలం ఫ్రేము ఆయనది మైనసే కదా?" అని అడిగేదాన్ని. తరవాత గ్యాసు కట్టేశానా, తరవాత తాళం వేశానా. ఆటో ఆబిడ్స్ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, గుండె గొంతులోకి వచ్చి కొట్టుకునేది, అరచేతులు చల్లబడేవి, ఇక్కడే పోతాననిపించేది.

ఒక రోజు పొద్దున దుకాణానికి బయల్దేరి, మెట్ల మీదే కూలబడ్డాను. కంట్రోలర్ సార్ నీళ్ల మోటారు వెయ్యడానికి బయటికొచ్చారు.

"ఏందమ్మా, గీడ కూసున్నవ్?"

"గుండె దడగా ఉంది సార్. రోజూ ఉంటుంది. కాసేపుంటే పోతుంది."

"కాసేపుంటె పోతదని నీకెవరు చెప్పిన్రు? లే, దవాఖానకు పోదాం."

ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ నన్ను ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకుపోయారు. ఆమెను నేను పెద్దమ్మ అంటాను. పరీక్షలన్నీ చేశారు. గుండె బాగుంది, రక్తం బాగుంది, థైరాయిడ్ బాగుంది. డాక్టరు ఇది ఆందోళనే అని చెప్పి, ఒక అచ్చు కాగితం చేతికిచ్చాడు. రోజూ నడవండి, వేళకు పడుకోండి, టీ కాఫీలు తగ్గించండి, ఫోను తగ్గించండి, దీర్ఘంగా ఊపిరి తీసుకోండి, మనసుకు నచ్చిన పని చెయ్యండి. రెండు నెలల తర్వాత ఒకసారి రండి.

నేను ఊరుకుంటానా? ఆ కాగితంలో ఉన్నవన్నీ మర్నాటి నుంచే మొదలుపెట్టాలని పెద్ద టైంటేబులు గీశాను. తెల్లవారుజామున ఐదింటికి నడక, ఆరుకు ప్రాణాయామం, ఆరున్నరకు గోరువెచ్చని నీళ్లు, ఇలా పడుకునేదాకా. రంగు పెన్నులతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మూడో రోజుకల్లా ప్రాణాయామం ఐదు నిమిషాలు ఆలస్యమైందని గుండె దడ మొదలైంది. అప్పుడే నీళ్ల ట్యాంకు చూడ్డానికి పైకొచ్చిన కంట్రోలర్ సార్ ఫ్రిజ్ ముందు నిలబడి, ఆ టైంటేబులు కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివారు.

"టెన్షన్ తగ్గించుకోనీకె గింత టెన్షనా? ఇన్ని బస్సులు ఒక్కపారి ఇడిస్తె ఒక్కటన్న గేటు దాటుతదా?" అన్నారు. "ఒక్కటి పట్టు. అది అలవాటైనంక రెండోది."

ఆ మొదటిది నడక. తెల్లవారుజామున లేవక్కర్లేదు, పార్కుకు పోనక్కర్లేదు, ఎట్లాగూ ఆబిడ్స్ పోవాలి కదా, ఆటో మానేసి నడువు అన్నారు. నెల రోజులు నాతో పాటు తనూ నడిచారు. కాన్వాసు బూట్లు, వెనక్కి కట్టుకున్న చేతులు. స్టేషన్ రోడ్డు మీద నా ఊపిరి బరువెక్కుతున్నట్టు కనిపిస్తే, "బోర్డులు చదువు" అనేవారు. తెలుగు బోర్డు, ఇంగ్లీషు బోర్డు పైకి చదవాలి. ఉర్దూ బోర్డు ఆయన చదివితే నేను తిరిగి చెప్పాలి. జనం చూస్తారని మొదట్లో సిగ్గేసింది. చెప్పుల దుకాణం, సూట్‌కేసుల దుకాణం, పళ్ల డాక్టరు, లాడ్జీ, ఇలా చదువుకుంటూ పోతే ఆబిడ్స్ వచ్చేసేది, చావడం గురించి ఆలోచించడం మరిచిపోయేదాన్ని. అలా నాకు ఉర్దూలో 'చష్మా', అదే మన కళ్లజోడు, అన్న మాట గుర్తుపట్టడం కూడా వచ్చింది.

నడక కుదిరాక చాయ్ మీద పడ్డారు. రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు తాగేదాన్ని. "నాలుగు చాయ్‌ల మీద నడిచే గుండె దడదడ అనక ఏం చేస్తది?" అని, రెండుకు దించారు. దానికి నాకు పది రోజులు తలనొప్పి, ఆయన మీద కోపం. ఆయనేమో సాయంత్రమైతే మిర్చిబజ్జీ పొట్లంతో ఇంటికొచ్చి, నాకు కనపడకుండా లోపలికి పోయేవారు. మహాత్ముడేం కాదు. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే అందుకునేవారు, వాచీ ఒక్క నిమిషం తప్పినా ఇంట్లో చిందులు తొక్కేవారు. తరవాత ఫోను. ఆ తరవాత, అన్నిటికంటే నన్ను బాగుచేసింది, ఐదున్నర.

అది ఆయన బుర్రలోంచి వచ్చిందే. దిగులును ఆయన ఫికర్ అనేవారు, నాకూ అదే మాట అలవాటైంది. ఒక రోజు నేను, "ఎంత వద్దనుకున్నా ఫికర్ వస్తూనే ఉంటుంది సార్, ఏం చెయ్యను?" అంటే, మోటారు స్విచ్చు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్పారు.

"బస్సును రావద్దంటె ఆగుతదా? రానియ్యి. టైమింగ్ నువ్వియ్యి. నీ ఫికర్‌కు సాయంత్రం ఐదున్నరకు ఒక్కటే ట్రిప్పు. అంతకుముందు వచ్చిందనుకో, ప్లాట్‌ఫారం ఖాళీ లేదు, ఐదున్నరకు రా అని చెప్పు. కొట్లాడకు. బతిమిలాడకు. టైం చెప్పి పంపు."

నా షిఫ్టు ఐదింటికి అయిపోతుంది. నడిచి ఇంటికొచ్చేసరికి ఐదున్నర. ఆయన ఆ కుర్చీలో, నేను కింది మెట్టు మీద. "చెప్పు, మొదటి బండి ఏది?" అనేవారు. నేను ఒక్కోటి చెప్పేదాన్ని. కొన్నిటికి, "ఇది నిజంగ పనే. రేపు పోయి అడిగిరా" అనేవారు. కొన్నిటికి, "ఇది ఇయ్యాలది కాదు, డిపోకు తోలు" అనేవారు. మా ఆడపడుచు ఏమనుకుందో అని నేను కుమిలిపోతే, "గది మన జిల్లా బండి కాదమ్మా" అనేవారు. పదిహేను నిమిషాలు కాగానే లేచి, "అయిపోయింది, పో, వంట చేస్కో" అనేవారు. మొదటి వారం పదిహేను నిమిషాలు సరిపోలేదు. ఆరు నెలలకు, చెప్పడానికి ఏమీ లేక, ఇద్దరం ఊరికే కూర్చుని రైళ్ల అనౌన్సుమెంట్లు వినేవాళ్లం. సందులో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేవారు. ఎవరికి గుండె దడ అన్నా, ఛాతీ బరువన్నా, మా అందరి నోటా ఒకటే మాట, ఐదున్నరకు రమ్మను. దాన్ని నవ్వుకుంటూ అనడం మాకు అలవాటైపోయింది.

ఆ అన్ని సాయంత్రాల్లో ఆయన తన ఫికర్ ఒక్కటి కూడా చెప్పలేదు. "మీకేం లేవా సార్?" అని అడిగితే, "కంట్రోలరు బస్సెక్కుతడా?" అని దాటేసేవారు.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి నేను దుకాణానికి దిగుతుంటే, ఆయన కింది మెట్టు మీద కూర్చుని ఉన్నారు. నేను కూర్చునే చోట. చేత్తో ఛాతీ రుద్దుకుంటున్నారు.

"ఏమైంది సార్?"

"ఏమో బిడ్డ, తెల్లారినప్పటి సంది ఛాతీల బరువుగ ఉన్నది. ఏందో ఫికర్ ఫికర్ అనిపిస్తున్నది."

ఆలస్యమవుతోందని ఒక సాకు చెప్పుకోవచ్చు. కానీ నిజంగా ఆలస్యమేమీ కాలేదు. నాకు ముచ్చటేసింది, అంతే. మూడేళ్లు పాఠం విన్న దాన్ని, గురువుకే పాఠం అప్పజెప్పే అవకాశం వచ్చిందని సంబరపడ్డాను.

"ప్లాట్‌ఫారం ఖాళీ లేదని చెప్పండి సార్," అన్నాను. "ఐదున్నరకు రమ్మనండి."

ఆయన నా ముఖంలోకి చూశారు. ఒక క్షణం చూశారు. తరవాత నవ్వి, "ఔ, మంచిగ చెప్పినవ్. పో, నీకు టైమైతున్నది" అన్నారు. నేను సందు చివరిదాకా నవ్వుకుంటూనే నడిచాను.

ఇదీ నేనన్న మాట. నన్ను మెట్ల మీద చూసిన రోజు ఆయన చేసిన మొదటి పని ఆటో పిలవడం. డాక్టరు ఏమీ లేదన్నాకే ఆయన తన మాటలు మొదలుపెట్టారు. దవాఖాన ముందు, ఐదున్నర తరవాత. ఆ వరస మూడేళ్లలో మేమంతా మరిచిపోయాం, ఆయనతో సహా. నాకు ఆయన ఎప్పుడూ చెప్పేది, తాడును చూసి పామనుకుంటున్నావని. ఆ రోజు వచ్చింది పామే. నేను తాడన్నాను. ఆయనా నమ్మారు.

ఇంటికి చేరేసరికి ఆయన్ని ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. కొడుకూ కోడలూ మల్కాజిగిరి నుంచి వచ్చి ఉన్నారు. నేను పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఎవరికి మంచినీళ్లు కావాలో చూశాను, చెప్పులు వరసగా సర్దాను, సందు మలుపులో బండి ఎక్కడ ఆపాలో చెప్పాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. సాయంత్రం అందరూ శ్మశానానికి వెళ్లాక, ఐదున్నరకు మెట్టు మీద కూర్చున్నాను. ఫికర్ వస్తుందనుకున్నాను, రానీ అనుకున్నాను. రాలేదు. గుండె మామూలుగా కొట్టుకుంటోంది. అరచేతులు వెచ్చగానే ఉన్నాయి.

మర్నాడు కూడా అంతే. దుకాణంలో చీటీలు ఒక్కసారి రాసి, తిరిగి చూడకుండా పంపించేశాను. గ్యాసు కట్టేశానో లేదో ఆలోచన రాలేదు. అన్నం తింటే ఉప్పు తెలియలేదు. మూడేళ్లు దేవుళ్లందరినీ అడిగింది ఈ నెమ్మదే అయితే, ఇది నాకొద్దు. మా ఆయనకు విషయం చెబితే, "డెబ్బై ఏడేళ్ల మనిషి. నీ మాట వల్ల పోయారా ఏంటి?" అన్నారు.

"నా మాట వల్ల పోలేదు. నా మాట వల్ల దవాఖానకు పోలేదు," అన్నాను.

పదకొండో రోజు భోజనాలయ్యాక, చుట్టాలందరూ వెళ్లిపోయాక, పెద్దమ్మ దగ్గరికి పోయాను. వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక నిలబడే చెప్పేశాను. ఛాతీ బరువన్నారని, నేను ఐదున్నరకు రమ్మనండి అన్నానని, ఆయన నవ్వారని, నేను వెళ్లిపోయానని. నా గొంతు నాకే ఎవరో చీటీ చదువుతున్నట్టు వినిపించింది.

పెద్దమ్మ కొంగుతో గడప తుడుస్తూ, "నాకెరుక" అంది.

"మీకు తెలుసా?"

"ఇంట్లకు వచ్చి చెప్పిండు. 'పై బిడ్డ నాకే టైమిచ్చింది' అని నవ్విండు. నేను గూడ నవ్విన. 'మరి ఐదున్నర దాక జర పండుకో' అన్న. పండుకున్నడు." కొంగు మళ్లీ భుజాన వేసుకుని, "నువ్వొక్కదానివే అన్నవా? మంచం పరిచింది నేను," అంది.

పదకొండు రోజులుగా ఆమెకు తెలుసు. తెలిసే, రోజూ నా చేతి మంచినీళ్లు తాగింది. నన్ను తిడుతుందని వెళ్లాను, తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరిలో ఎవరికీ ఏడుపు రాలేదు. కాసేపటికి ఆమె, "పెరుగు మిగిలింది, పైకి తీస్కపో" అంది.

దినాలు అయిపోయిన మూడో రోజు పొద్దున, కొడుకు మల్కాజిగిరి వెళ్లాక, పెద్దమ్మ ముందు గదిలో గోడకానుకుని కూర్చుని కనిపించింది. ముఖం చెమట పట్టి ఉంది.

"ఏమో బిడ్డ, గుండెల పట్టినట్టున్నది. ఏం లేదులే. రోజు గాయన్నే తలుసుకుంట కూసుంటున్న గద, ఫికర్ తోటి గట్లనే ఉంటది. నువ్వు దుకాణంకు పో."

నా నోట్లోకి మాటలు వచ్చేశాయి. నీళ్లు తాగండి, మెల్లగా ఊపిరి తీసుకోండి, ఇది ఫికరే. ఆమె కూడా ఆ మాటల కోసమే నా వైపు చూస్తోంది. నేను అంటే నమ్మడానికి సిద్ధంగా ఉంది.

"చెప్పులేసుకోండి పెద్దమ్మా," అన్నాను.

"యాడికి?"

"దవాఖానకు."

"గింత దానికా? నాకేమైతది?"

"ఏమీ కాకపోతే ఇంటికొచ్చేద్దాం. లేవండి."

ఆటోలో ఆమె నన్ను తిడుతూనే ఉంది. పొయ్యి మీద పాలు పెట్టిందట, తలుపు సరిగ్గా వేయలేదట, ఇంకా పని మనిషి రాలేదట. నేను ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. బోర్డులు చదవమని చెప్పలేదు.

దవాఖానలో వెంటనే లోపలికి తీసుకుపోయి, ఛాతీకీ కాళ్లకూ తీగలు తగిలించి పరీక్ష చేశారు. మాత్ర ఒకటి వేయించారు. రక్తం తీసుకున్నారు. తరవాత గీతల కాగితం చేతికిచ్చి, పెద్ద డాక్టరు పిలిచేదాకా అక్కడే, తలుపు ఎదురుగా కూర్చోమన్నారు. పెద్దమ్మ ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, నా ఒళ్లో పెట్టింది. ఏ డాక్టరు చేతిరాతనైనా చదువుతానని దుకాణంలో నాకు పేరుంది. ఆ కాగితం నిండా ఎత్తుపల్లాలుగా గీతలున్నాయి.

"ఏమున్నది బిడ్డా గీండ్ల?" అంది. "మంచిగనే ఉన్నదా?"

"నాకు తెలియదు పెద్దమ్మా," అన్నాను.

ఆమె తల ఊపి, కాగితం వెనక్కి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుంది. తలుపు ఇంకా మూసే ఉంది. నా అరచేతులు చల్లబడుతున్నాయి. పదిహేను రోజుల తరవాత గుండె మళ్లీ గొంతులోకి వచ్చి కొట్టుకోవడం మొదలుపెట్టింది. దానికి నేను ఏ టైమూ చెప్పలేదు.